అలుపెరుగని జాగిలాలు

కుక్కను గూర్చి మన భాషలో ఉన్న సామెతలలో చాలా భాగం దానిని చిన్నబుచ్చేవే. దాని తోక వంకర పోదన్నాము. ఆ తోక పట్టుకొని గోదావరి ఈదరాదన్నాము. దాని కాటుకు చెప్పుదెబ్బ చాలునన్నాము. మన ప్రాచీన వాఙ్మయం మాత్రం కుక్కను ఇంత చులకనగా చూడలేదు. ఋగ్వేదం పదవ మండలంలో, పణులు దాచిన గోవులను వెదకుతూ ఇంద్రుని దూతగా పోయిన సరమ ఒక ఆడుకుక్క. ఆమె రసానదిని దాటి, చాల దూరం పోయి, ఆ గోవుల జాడ తీసినది. మహాప్రస్థానంలో ద్రౌపదియు, నలుగురు తమ్ములును ఒకరి వెనుక ఒకరు కూలిపోయిన దారిలో ధర్మరాజు వెంట కడదాక నడచినది ఒక్క కుక్క మాత్రమే. కుక్కలోని ఏ గుణం మన పెద్దలను ఆకర్షించినదో దీనినిబట్టి ఊహించవచ్చు. అలసట లేని నడక, పట్టిన పనిని విడువని పట్టుదల అనేవే ఆ గుణాలు.

ఈ గుణాలు ప్రధానంగా గల కొన్ని శునకజాతులను గూర్చి ఈ ప్రసంగంలో చెప్పదలచినాను. తెల్లవారుజామున లేచి పరుగుకు పోయేవారు, సెలవు దినాలలో కొండలెక్కేవారు, సైకిలు మీద ఊళ్లు తిరిగేవారు ఈనాడు మన నగరాలలో చాలామంది ఉన్నారు. అట్టివారిలో కొందరికి తమతో సమానంగా పరుగెత్తే తోడు కావలెననే కోరిక కలుగుతుంది. ఆ కోరిక మంచిదే. అయితే ఈ జాతుల శక్తి మన సరదా కొరకు పుట్టినది కాదు. ఒక్కొక్క దేశంలో, ఒక్కొక్క పని కొరకు, తరతరాలుగా ఏరి ఏరి పెంచగా వచ్చినది. ఆ పని ఏమిటో తెలిసికొనకుండ ఆ శక్తిని ఇంటికి తెచ్చుకొంటే కలిగే కష్టం యజమానికి కొంత, కుక్కకు చాల.

మొదట ఒక భేదం గుర్తించవలెను. వేగం వేరు, దమ్ము వేరు. గ్రేహౌండు అనే జాతి గంటకు సుమారు 65 కిలోమీటర్ల వేగంతో పోగలదు. కాని ఆ పరుగు కొద్ది వందల గజాలకే పరిమితం. ఆ తరువాత అది రోజంతా పడుకొని నిద్రపోవడానికే ఇష్టపడుతుంది. మంచునేలలో బండిలాగే కుక్క గంటకు 15 కిలోమీటర్లకు మించి పోకపోవచ్చు. అయినా నిన్న పోయినట్లే నేడు, నేడు పోయినట్లే రేపు పోతుంది. ఈ రెంటికీ తోడు మూడవది ఒకటి ఉన్నది, అది ఉత్సాహం. పని దొరకకపోతే నిలువలేని మనస్సు అది. గొఱ్ఱెలను కాచే కుక్కలలో ఈ గుణం మిక్కుటం. కుక్కను ఎన్నుకొనేవారు ఈ మూడింటిలో తమకు కావలసినది ఏదో ముందుగా తేల్చుకొనడం మంచిది.

ఇంతటి దమ్ము కుక్క శరీరంలో ఎక్కడ ఉన్నది? శాస్త్రజ్ఞులు దీనిని శ్రద్ధగా పరిశోధించినారు. శరీరపు బరువుతో పోల్చి చూస్తే కుక్క గుండె మనిషి గుండె కంటె పెద్దది. కుక్క పరుగు మొదలుపెట్టగానే దాని ప్లీహం ముడుచుకొని, అందులో నిలువ ఉన్న ఎఱ్ఱకణాలను రక్తంలోనికి వదలుతుంది. అంటే అవసరం వచ్చిన క్షణాన రక్తం చిక్కబడి, ఎక్కువ ప్రాణవాయువును మోయగలుగుతుంది. కండరాలలో ప్రాణవాయువును వినియోగించి శక్తిని పుట్టించే మైటోకాండ్రియాలు కూడ సమృద్ధిగా ఉంటవి. ప్రపంచపు మేటి పరుగుపందెగాళ్లు తమ శరీరపు బరువులో ప్రతి కిలోగ్రాముకు నిమిషానికి 80 నుండి 90 మిల్లీలీటర్ల ప్రాణవాయువును వినియోగించగలరు. శిక్షణ పొందిన బండికుక్క 200 మిల్లీలీటర్ల వరకు వినియోగిస్తుంది.

మరియొక విశేషం ఆహారానికి సంబంధించినది. దూరం పరుగెత్తే మనిషి కండరాలలో దాచుకొన్న పిండిపదార్థం తరిగిపోగానే నీరసించి ఆగిపోతాడు. బండికుక్క ప్రధానంగా కొవ్వును ఇంధనంగా వాడుకొంటుంది. అమెరికాలోని ఓక్లహోమా స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ డేవిస్ ఈ కుక్కలను అనేక సంవత్సరాలు పరీక్షించి ఒక వింతను కనుగొన్నాడు. దీర్ఘప్రయాణంలో మొదటి కొన్ని రోజులలో వాటి శరీరంలో శ్రమ చిహ్నాలు కనిపిస్తవి. ఆ తరువాత పరుగు ఆగకపోయినా శరీరం సర్దుకొని, విశ్రాంతిలో ఉన్న కుక్క శరీరం వలె పని చేయసాగుతుంది. ఇంటిలో ఉండే 25 కిలోల కుక్కకు రోజుకు వేయి, పన్నెండు వందల కేలరీల ఆహారం సరిపోతుంది. అదే బరువు గల బండికుక్క పందెపు దినాలలో పదివేల కేలరీలు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి ఖర్చు పెడుతుంది. కష్టించి పనిచేసే మనుష్యులు ముగ్గురికి సరిపోయే ఆహారం అది.

ఈ బండికుక్కలలో మన వారికి బాగా తెలిసినది సైబీరియన్ హస్కీ. ఆసియా ఖండపు ఈశాన్యపు కొసన, మంచుసముద్రపు ఒడ్డున నివసించే చుక్చీ జాతివారు దీనిని పెంచినారు. తక్కువ తిండితో, తేలిక బరువును, చాల దూరం, భయంకరమైన చలిలో లాగుకొనిపోవడం వారికి కావలసిన పని. మగకుక్క 20 నుండి 27 కిలోల బరువు ఉంటుంది. 20వ శతాబ్దం మొదటి దశకంలో ఈ కుక్కలను అలాస్కాకు తెచ్చినప్పుడు అక్కడి పందెగాళ్లు వాటి చిన్న ఆకారాన్ని చూచి “సైబీరియా ఎలుకలు” అని పరిహసించినారు. ఆ పరిహాసం ఎక్కువ కాలం నిలువలేదు.

1925వ సంవత్సరం జనవరిలో అలాస్కా పశ్చిమతీరాన ఉన్న నోమ్ అనే చిన్న పట్టణంలో కంఠసర్పి, అనగా డిఫ్తీరియా వ్యాధి, పిల్లలకు సోకసాగినది. ఆ ఊరి వైద్యుడు కర్టిస్ వెల్చ్ వద్ద పనికివచ్చే సీరం మందు లేదు. సముద్రం గడ్డకట్టి ఓడలు రావు. రైలుదారి నెనానా వరకే ఉన్నది. అక్కడినుండి నోమ్‌కు 674 మైళ్లు, అంటే 1,085 కిలోమీటర్లు. జనవరి 27 రాత్రి మందుపెట్టె నెనానాలో రైలు దిగినది. 20 మంది బండివాళ్లు, సుమారు 150 కుక్కలు, ఒక జట్టు నుండి మరియొక జట్టుకు అందించుకొంటూ దానిని అయిదున్నర రోజులలో, ఫిబ్రవరి 2 తెల్లవారుజామున నోమ్‌కు చేర్చినవి. దారిలో కొన్నిచోట్ల చలి సున్నకు 45 డిగ్రీల సెంటిగ్రేడు దిగువకు పోయినది.

చివరి జట్టుకు నాయకత్వం వహించిన బాల్టో అనే కుక్కకు ఆ సంవత్సరమే న్యూయార్కు నగరంలోని సెంట్రల్ పార్కులో విగ్రహం వెలసినది. అయితే అందరికంటె దూరం, అందరికంటె అపాయకరమైన దారి నడచినది లియన్‌హార్డ్ సెపలా జట్టు. నార్టన్ అఖాతంపై గడ్డకట్టిన మంచు ఏ క్షణాన విరిగిపోతుందో తెలియని స్థితిలో ఆ జట్టును నడిపించినది టోగో. మందుకు ఎదురుపోయిన దూరం, మందుతో తిరిగివచ్చిన దూరం కలిపితే ఆ జట్టు నడచినది 260 మైళ్లు. అప్పటికి టోగో వయస్సు పండ్రెండేళ్లు. కుక్కలకు అది వార్ధక్యం.

ఈ టోగో బాల్యంలో జరిగిన సంగతి మన విషయానికి మరింత దగ్గరిది. అది చిన్నతనంలో బక్కపలుచగా, అల్లరిగా ఉండేది. పనికిరాదని తలచి సెపలా దానిని ఆరునెలల వయస్సులో ఒకరి ఇంటికి పెంపుడుకుక్కగా ఇచ్చివేసినాడు. అక్కడ దానికి తిండికి లోటు లేదు, వెచ్చదనానికి లోటు లేదు. అయినా అది కిటికీ అద్దం పగులగొట్టుకొని దూకి, కొన్ని మైళ్లు పరుగెత్తి, తిరిగి తన కుక్కల వద్దకు వచ్చినది. మరి రెండు నెలలకు బండివెంట పడి అల్లరి చేస్తుంటే వేరే దారిలేక దానిని బండికి పూన్చినారు. ఆ మొదటిరోజుననే అది 75 మైళ్లు పరుగెత్తి, సాయంకాలానికి జట్టు ముందుభాగానికి చేరినది. ఇంటిలో అల్లరి అనిపించిన గుణమే దారిలో నాయకత్వమైనది. అల్లరికుక్కను చూచి విసుగుచెందే ప్రతి యజమాని ఈ కథను ఒకసారి తలచుకొనవలెను.

ఆ కాలపు దారులను స్మరిస్తూ 1973 నుండి అలాస్కాలో ఇడిటరాడ్ అనే పందెం జరుగుతున్నది. దూరం ఇంచుమించు వేయి మైళ్లు. మొదటి సంవత్సరం విజేతకు 20 రోజులు పట్టినది. 2017లో మిచ్ సీవీ అనే అతడు 8 రోజుల 3 గంటల 40 నిమిషాలలో ముగించినాడు. విశ్రాంతి వేళలు కూడ కలిపి లెక్కించినా రోజుకు 190 కిలోమీటర్లకు తగ్గలేదన్నమాట. దారిలోని మజిలీలలో పశువైద్యులు కుక్కలను పరీక్షిస్తారు. అలసినవాటిని పందెం నుండి తప్పిస్తారు. అయినప్పటికీ ఈ పందెంలో కుక్కలు మరణించిన సందర్భాలు ఉన్నవి. అందుచేత దీనిపై తీవ్రమైన విమర్శ కూడ ఉన్నది. దమ్మున్న కుక్క తనంత తాను ఆగదు, ఆపవలసినది మనిషి. ఈ మాట మంచునేలకే కాదు, మన వీధులకు కూడ వర్తిస్తుంది.

ఇక కాళ్ల దమ్ముతోపాటు బుద్ధి దమ్ము కూడ గల జాతి బోర్డర్ కోలీ. ఇంగ్లండు, స్కాట్లండుల నడుమ ఉన్న కొండసీమ దీని పుట్టినిల్లు. 1893లో నార్తంబర్లండులో ఆడమ్ టెల్ఫర్ అనే పెంపకందారు ఇంట హెంప్ అనే కుక్క పుట్టినది. అంతవరకు గొఱ్ఱెలకుక్కలు మొరిగి, కరచి మందను తోలేవి. హెంప్ మొరగకుండ, నేలబారుగా వంగి, కన్నార్పకుండ చూస్తూ, ఆ చూపుతోనే మందను కదలించేది. నేటి బోర్డర్ కోలీలలో ఇంచుమించు అన్నిటి వంశవృక్షమూ ఆ కుక్క వద్దకు పోయి చేరుతుంది. ఈ జాతి కుక్క కొండలపై రోజంతా పరుగులు తీస్తూనే కాపరి ఈలలోని భేదాలను గ్రహించి కుడికి, ఎడమకు, ముందుకు, వెనుకకు మళ్లుతుంది. అమెరికాలో మనస్తత్వశాస్త్రాచార్యుడు జాన్ పిల్లీ తన కుక్క చేజర్‌కు 1,022 బొమ్మల పేర్లు వేరువేరుగా నేర్పినట్లు 2011లో ప్రకటించినాడు. ఆ చేజర్ బోర్డర్ కోలీయే. దానికి ఆయన రోజుకు నాలుగైదు గంటలు పాఠం చెప్పేవాడు. ఎంత చెప్పినా ఇంకా చెప్పమని అది వేచి ఉండేదట.

అట్టి కుక్కను మూడవ అంతస్తులోని ఇంటిలో ఉదయం నుండి సాయంకాలం వరకు తలుపువేసి ఉంచితే ఏమవుతుంది? దానికి మంద లేదు. కనుక అది పిల్లలను మందగా తోలుతుంది. సైకిళ్ల చక్రాలను, మోటారు వాహనాలను అదలిస్తుంది. గోడమీది నీడను గంటల తరబడి చూస్తూ కూర్చుంటుంది. పరుపులు చింపుతుంది, తలుపులు గీరుతుంది. ఇరుగుపొరుగువారు దానికి పిచ్చి అంటారు. నిజానికి అది ఉద్యోగం పోయిన మనిషి పడే బాధ వంటిది.

మూడవ కోవకు చెందినవి వేటగాళ్ల వెంట పక్షులను పసిగట్టుతూ పొలాలన్నీ గాలించే జాతులు. జర్మనీకి చెందిన పొట్టిజుట్టు పాయింటర్, హంగరీకి చెందిన రాగివన్నె వీజ్లా ఇట్టివి. వీటి వెండ్రుకలు పొట్టివి గనుక హస్కీతో పోలిస్తే వేడికి కొంత ఓర్చుకొంటవి. మన ఇండ్లలో ఎక్కువగా కనబడే లాబ్రడార్ కూడ నీటిలో దూకి పక్షులను తెచ్చే పనికి పెంచినదే. అది బద్ధకపు జాతి అని మనవారిలో ఒక అపోహ ఉన్నది. తిండి తగ్గించక, నడక తగ్గించినందున వచ్చిన బద్ధకమే అది. అన్ని లాబ్రడార్లలోనూ సుమారు నాలుగింట ఒకటి ఆకలిని అదుపుచేసే ఒక జన్యువులో లోపంతో పుడుతున్నదని కేంబ్రిడ్జిలో 2016లో తేలినది. కనుక అది అడిగినప్పుడల్లా పెట్టడం ప్రేమ అనిపించుకొనదు.

నల్లమచ్చల తెల్లకుక్క డాల్మేషియన్ ఒకప్పుడు ఇంగ్లండులో గుఱ్ఱపుబగ్గీల వెంట మైళ్లకొద్దీ పరుగెత్తి, మజిలీలలో గుఱ్ఱాలకు కాపలా కాచేది. 1996లో ఆ కుక్కలు ముఖ్యపాత్రలుగా గల ఒక చలనచిత్రం వచ్చినది. అమెరికాలో పిల్లలు ముచ్చటపడినారు, పెద్దలు కొనిపెట్టినారు. ఏడాది తిరుగకముందే అవి అనాథశునకాల శరణాలయాలకు వచ్చిపడినవి. తెరమీద కనబడినది మచ్చలే గాని, బగ్గీవెంట పరుగెత్తిన వంశపు దమ్ము కాదు కదా!

మన దేశానికి వద్దాము. మన ప్రబంధాలలోని వేట వర్ణనలలో జాగిలాలకు లోటు లేదు. ఆ వంశాలు నేటికీ అక్కడక్కడ మిగిలి ఉన్నవి. వాటిలో పేరుగన్నది ముధోల్ జాగిలం. ఈ ముధోల్ మన నిర్మల్ జిల్లాలోనిది కాదు. కర్ణాటకలో బాగల్‌కోటె జిల్లాలోనిది. ఆ సంస్థానాధీశుడు మాలోజీరావు ఘోర్పడే ఈ జాతిని ఆదరించి, ఇంగ్లండు రాజు 5వ జార్జికి కానుకగా ఇచ్చినాడని ప్రసిద్ధి. సన్నని నడుము, లోతైన రొమ్ము, పొడవైన కాళ్లు గల ఈ కుక్క మెట్టభూములలో కుందేళ్లను తరుముటకు పుట్టినది. 2016లో మన సైన్యం ఈ జాతి కుక్కపిల్లలను మీరట్‌లోని తన కేంద్రంలో శిక్షణకు తీసుకొన్నది.

రెండవది తెల్లని రాజపాళయం. తమిళనాడులో విరుదునగర్ జిల్లాలోని రాజపాళయం పట్టణం దీని నెలవు. విజయనగరపు కాలంనాడు తెలుగుదేశం నుండి వలసపోయిన రాజులు ఆ పట్టణంలో నేటికీ ఇంట తెలుగు మాటలాడుతారు. ఆ కుటుంబాలు ఈ జాతిని కావలికి, వేటకు పెంచుతూ వచ్చినవి. ముధోల్, రాజపాళయం జాతుల చిత్రాలతో భారత తపాలాశాఖ 2005లో బిళ్లలను వెలువరించినది. 2020 ఆగస్టు 30న ప్రధానమంత్రి తమ రేడియో ప్రసంగంలో వీటిని, తమిళనాడులోని చిప్పిపారై, కన్ని, కోంబై జాతులను పేర్కొని, కుక్కను పెంచదలచినవారు దేశవాళీ జాతులను తలచుకొనవలసినదిగా కోరినారు.

తెలుగుసీమలోనూ ఇట్టివి లేకపోలేదు. కర్నూలు జిల్లా పత్తికొండ ప్రాంతంలోని పందికోన గ్రామపు కుక్కలు కావలికి, వేటకు పేరుపడినవి. కొల్లేటి ప్రాంతంలో జోనంగి అనే పొట్టివెండ్రుకల కుక్క బాతుల మందలను తోలే పనికి ఉపయోగపడేది. పొలాలు చేపల చెరువులుగా మారి, ఆ పని తగ్గిపోవడంతో ఆ కుక్క కూడ అరుదైపోయినది. పని పోతే జాతి పోతుందనడానికి ఇంతకంటె దగ్గరి నిదర్శనం లేదు. ఇక గొల్లలు, కురుమలు గొఱ్ఱెలమందలతో ఊళ్లు దాటి పోయేటప్పుడు వెంట నడిచే కుక్క ఏ జాతిదని ఎవరూ అడుగరు. అది ఎండలో నడుస్తుంది, రాత్రి మేలుకొంటుంది, మరునాడు మళ్లీ నడుస్తుంది.

ఎండ అన్నాను. మన ప్రాంతంలో ఈ విషయమంతటికీ కీలకం ఇదే. మనిషికి ఒళ్లంతా చెమట పట్టి, ఆ చెమట ఆరి, శరీరం చల్లబడుతుంది. కుక్కకు పాదాల అడుగున తప్ప చెమట పట్టదు. అది నాలుక చాపి రొప్పడం ద్వారానే వేడిని వెలికి పంపుతుంది. గాలిలో తేమ ఎక్కువైతే ఆ ఉపాయం కూడ సరిగా పనిచేయదు. కనుక కాకినాడ, విశాఖపట్నాల వంటి తీరపట్టణాలలో ఎండ మితంగా ఉన్నట్లు తోచినా ఉక్కపోత కుక్కకు ప్రమాదకరం. రెండు పొరల బొచ్చుతో మంచుగడ్డపై పడుకొని నిద్రించే హస్కీని రెంటచింతల ఎండలో పరుగెత్తించడం నేలవిడిచి సాము చేయడమే. బొచ్చు గొరిగివేస్తే సరిపోతుందని కొందరనుకొంటారు. అదీ పొరపాటే. పైపొర ఎండ నేరుగా చర్మానికి తగలకుండ కాపాడుతుంది. చల్లని గదిలో ఉంచవచ్చునని మరికొందరి వాదం. ఉంచవచ్చును, కాని పరుగెత్తుటకు పుట్టిన జంతువును పరుగుకు వీలులేని గదిలో ఉంచినట్లే కదా!

ఆరోగ్యంగా ఉన్న కుక్క శరీరపు వేడి 38 నుండి 39 డిగ్రీల సెంటిగ్రేడు. అది 41 డిగ్రీలు దాటితే ప్రాణాపాయం. విపరీతమైన రొప్పు, చిక్కని చొంగ, ఎఱ్ఱబారిన చిగుళ్లు, తూలే నడక, వాంతి వడదెబ్బకు గుర్తులు. అట్టి సమయంలో కుక్కను నీడకు చేర్చి, ఒళ్లంతా చల్లని నీరు పోసి, విసరుతూ ఉండవలెను. మొదట చల్లబరచడం, ఆ వెంటనే పశువైద్యుని వద్దకు తీసుకొనిపోవడం అనే వరుసను మరువరాదు. తడిగుడ్డ కప్పి వదలివేయడం మంచిది కాదు. అది కొంతసేపటికి వేడిని లోపలనే బంధిస్తుంది.

ఇక కుక్కతో కలిసి పరుగెత్తదలచినవారికి కొన్ని సూచనలు. వేసవిలో సూర్యోదయానికి ముందే వ్యాయామం ముగించవలెను. సాయంకాలం పోదలచితే అరచేతి వెనుకభాగం తారురోడ్డుపై అయిదారు క్షణాలు ఉంచి చూడండి. మీ చేయి ఓర్చుకొనలేని వేడిని కుక్క పాదం కూడ ఓర్చుకొనలేదు. మట్టిదారి దొరికితే అదే శ్రేష్ఠం. దారిలో నీరు ఉండవలెను. కడుపునిండ తిన్న వెంటనే, అదేవిధంగా గట్టిగా పరుగెత్తిన వెంటనే తిండి పెట్టిన తరువాత, లోతైన రొమ్ము గల జాతులలో కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉన్నది. కనుక తిండికి, పరుగుకు నడుమ తగినంత వ్యవధి కావలెను. కుక్కపిల్లను దూరపు పరుగుకు తీసుకొనిపోరాదు. పెద్ద జాతులలో ఎముకల కొసలు గట్టిపడడానికి సంవత్సరం, ఒక్కొక్కప్పుడు ఏడాదిన్నర పడుతుంది. అంతవరకు ఆటలు, చిన్న నడకలు చాలును. పెరిగిన కుక్కకైనా దూరాన్ని వారవారమూ కొద్దికొద్దిగా పెంచవలెను. ఇంటికి రాగానే పాదాలు, చెవులు, వ్రేళ్ల సందులు చూచి ముళ్లు, పిడుదులు తీసివేయవలెను. రేబిస్ టీకా తప్పనిసరి అని వేరుగా చెప్పనక్కరలేదు.

కాళ్లకు పని ఎంత ముఖ్యమో బుద్ధికి పని అంత ముఖ్యం. తిండిలో కొంత భాగం ఇంటిలో అక్కడక్కడ దాచి ముక్కుతో వెదకనీయండి. పేరు పిలిస్తే రావడం, ఆగమంటే ఆగడం, వస్తువు తెచ్చి ఇవ్వడం పిల్లనాటినుండి నేర్పండి. మొక్కై వంగనిది మానై వంగదు. పావుగంట బుద్ధిపని చాలసార్లు గంటసేపటి పరుగంత తృప్తిని ఇస్తుంది. వేటజాతులను పెంచేవారికి మరియొక హెచ్చరిక. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కుందేలును గాని, మరే వన్యమృగాన్ని గాని కుక్కలతో వేటాడించడం నేరం. కనుక ఆ కుక్క తరుమదగినది మీరు విసరే బంతి మాత్రమే.

కుక్కను కొనడానికి ముందు ప్రతివారూ తమను తాము మూడు ప్రశ్నలు అడుగుకొనవలెను. మొదటిది సమయం. ఇట్టి జాతులకు రోజుకు రెండు గంటలకు మించిన వ్యాయామం కావలెనని బ్రిటనులోని కెనెల్ క్లబ్ చెప్పుచున్నది. ఆ రెండు గంటలు ఆదివారం మాత్రమే కాక సోమవారం కూడ ఉన్నవా? రెండవది చోటు, వాతావరణం. ఈ కుక్క పుట్టిన నేలకు, నేనున్న నేలకు పొత్తు కుదురుతుందా? మూడవది కాలం. ఈ జాతులు పండ్రెండు, పదునాలుగేళ్లు బ్రతుకుతవి. నేడు పరుగెత్తే నేను ఉద్యోగం మారినా, పెండ్లి అయినా, మోకాలు నొప్పి పెట్టినా దీనిని నడిపించగలనా? ఈ మూడింటికీ నిజాయితీగా ఔనని చెప్పగలవారికి ఇట్టి కుక్కను మించిన స్నేహితుడు దొరకడు. వానరోజున కూడ మిమ్మల్ని మంచం దించే స్నేహితుడతడు. చెప్పలేనివారు నెమ్మదైన జాతిని తెచ్చుకొనడంలో చిన్నతనం ఏమీ లేదు. పరుగుతోడు మాత్రమే కావలసినవారికి మన వీధిలో పుట్టిన దేశవాళీ పిల్ల చాలసార్లు అన్ని విధాలా సరిపోతుంది. మన ఎండ దానికి తెలుసు, దాని కాళ్లు మన నేలకు తెలుసు. వెల కూడ లేదు.

నన్నయ భారతంలో ఆదిపర్వ ప్రారంభంలోనే సరమ మరల కనిపిస్తుంది. జనమేజయుడు యాగం చేస్తున్న చోట ఆడుకొనవచ్చిన ఆమె బిడ్డను రాజు తమ్ములు నిష్కారణంగా కొట్టినారు. ఆమె సభకు వచ్చి, మంచిచెడ్డలు యోచింపక దీనులకు కీడుచేసేవారికి అనుకొనని భయాలు కలుగుతవని చెప్పి వెళ్లిపోయినది. చక్రవర్తి ఆ మాటకు కలత చెంది, శాంతి చేయించుటకు తగిన పురోహితుని వెదకుతూ బయలుదేరినాడు. కొట్టడం ఒక్కటే కీడు కాదు. పరుగెత్తుటకు పుట్టినదానిని గొలుసుకు కట్టి, బండిలాగుటకు పుట్టినదానిని బాల్కనీలో నిలిపి, మంద కాచుటకు పుట్టినదానిని ఒంటరిగా గదిలో మూయడం కూడ కీడే. తెచ్చుకొనకముందు యోచించినవాని ఇంట ఆ శక్తి సంతోషంగా మారుతుంది.